అర్హత చూసి క్షమిస్తామా?

ఈ వారం ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. మనకు కీడు చేసినవాడు మనకు పనికివచ్చేవాడైతే క్షమిస్తాం. మంచి పనిమంతుడైతే క్షమిస్తాం. కష్టాలపాలై మన గడపలో నిలబడి కన్నీళ్ళు పెట్టుకుంటే మనసు కరిగి క్షమిస్తాం. మరి ఇవేవీ లేనివాడి సంగతేమిటి? ఇంకా ఏ మంచీ చేసి చూపించని మొదటి రోజున అతనికి తలుపు తీయగలమా? తీయడం న్యాయమేనా?

ఈ ప్రశ్నకు జవాబు వెదకడానికి ఒక ఆటగాడి జీవితాన్ని మీ ముందు పెడుతున్నాను. ఆయన పేరు బెర్ట్ ట్రౌట్‌మన్. జర్మనీ దేశస్థుడు. ఇంగ్లండులోని మాంచెస్టర్ సిటీ జట్టుకు 1949 నుండి 1964 వరకు గోల్ కీపరుగా 545 పోటీలు ఆడాడు. ఫుట్‌బాల్ మీద ఇష్టమున్న కుర్రవాళ్ళు ఆయన పేరు వినే ఉంటారు. మెడ విరిగినా గోలు వదలని వీరుడని ఆయన గురించి చెప్పుకుంటారు. ఆ కథ నిజమే. దాని దగ్గరకు తర్వాత వద్దాం. అయితే మనం నేర్చుకోవలసిన పాఠం మాత్రం మెడ విరిగిన రోజుకు ఆరున్నరేళ్ళ ముందే జరిగింది.

బెర్న్‌హార్డ్ ట్రౌట్‌మన్ 1923 అక్టోబరు 22న బ్రేమెన్ అనే రేవు పట్టణంలో పుట్టాడు. తండ్రి రేవు దగ్గరి ఎరువుల కర్మాగారంలో పనివాడు. 1933లో హిట్లర్ అధికారానికి వచ్చాడు. ఆ ఏడే, సుమారు పదేళ్ళ వయసులో, ఈ కుర్రవాడు నాజీ పార్టీవారి పిల్లల దళంలో చేరాడు. ఆటలంటే ప్రాణం పెట్టే పిల్లవాడికి అక్కడ ఆటలున్నాయి, కవాతులున్నాయి, పతకాలున్నాయి. వాటితోబాటే, ఎవరిని ద్వేషించాలో కూడా రోజూ కొంచెం కొంచెంగా నూరిపోశారు. పదేళ్ళ పిల్లవాడికి పెద్దలు చెప్పిందే వేదం గదా!

1941లో సైన్యంలో చేరాడు. మొదట వైమానిక దళంలో రేడియో పనివాడు, తర్వాత పారాచూట్ సైనికుడు. రష్యా వైపు యుద్ధరంగానికి పంపారు. ఐరన్ క్రాస్ మొదటి శ్రేణి సహా అయిదు పతకాలు సంపాదించాడు. అంటే పేరుకు మాత్రమే సైనికుడు కాడు, ఆ యుద్ధంలో మనసు పెట్టి పోరాడినవాడే. ఈ మాట మనం దాచకూడదు.

ఇంకొక మాట కూడా దాచకూడదు. 1941లో ఉక్రెయిన్‌లోని ఒక అడవిలో, తోటి సైనికుడొకడితో కలిసి ఆయన ఒక ఘోరం చూశాడు. హిట్లర్ ప్రత్యేక హంతక దళాలు మనుషులను గోతుల దగ్గర నిలబెట్టి కాల్చి చంపుతున్నాయి. ఇద్దరు కుర్రవాళ్ళూ నేలమీద పాకుతూ చప్పుడు చేయకుండా అక్కడినుండి జారుకున్నారు. అప్పటికి ఆయనకు సుమారు పద్దెనిమిదేళ్ళు. ఈ సంగతి ఆయన లోకానికి చెప్పింది ఎన్నో ఏళ్ళ తర్వాత, ముసలితనంలో. దీని దగ్గరకు మళ్ళీ వస్తాం. గుర్తుంచుకోండి.

యుద్ధం చివర, 1945లో, బ్రిటిష్ సైన్యం ఆయనను పట్టుకుని ఇంగ్లండుకు తరలించింది. బందీలను వారి భావాలనుబట్టి ఎ, బి, సి అని వేరుచేసేవారు. ట్రౌట్‌మన్‌ను మొదట "సి" గుంపులో, అంటే నాజీ భావాలు బలంగా ఉన్నవారిలో చేర్చారు. తర్వాత "బి"కి మార్చి, లాంకషైర్ ప్రాంతంలో యాష్టన్ ఇన్ మేకర్‌ఫీల్డ్ అనే ఊరి దగ్గరి శిబిరంలో ఉంచారు. నాజీల మృత్యు శిబిరాల చలనచిత్రాలను బందీలకు చూపించారు. యూదులైన అధికారులకు బండి తోలే పని కూడా కొంతకాలం ఆయనకు పడింది. చిన్ననాటినుండి ఎవరిని మనుషులుగా చూడవద్దని నేర్పారో, ఆ మనుషుల పక్కనే రోజంతా కూర్చోవలసి వచ్చింది. కోపతాపాలు, మాటామాటా పట్టింపులు నడిచాక, వారూ తనలాంటి మనుషులేనన్న ఎరుక నెమ్మదిగా కలిగింది. తన అసలు చదువు ఇంగ్లండులోనే మొదలైందని ఆయన పెద్దవయసులో చెప్పుకునేవాడు.

గోల్ కీపరు కావడమూ అక్కడే. శిబిరంలో ఆడిన ఒక పోటీలో మైదానం మధ్య ఆడుతుండగా దెబ్బ తగిలింది. గోలు దగ్గరున్నవాడితో చోటు మార్చుకున్నాడు. ఆ మార్పే జీవితాంతం నిలిచిపోయింది. 1948లో విడుదల చేసి, కావాలంటే ఇంటికి వెళ్ళవచ్చన్నారు. ఆయన వెళ్ళలేదు. పొలం పని చేశాడు, పేలకుండా మిగిలిపోయిన బాంబులను తొలగించే పని చేశాడు, సెయింట్ హెలెన్స్ టౌన్ అనే చిన్న జట్టులో ఆడాడు. బెర్న్‌హార్డ్ అనడం కష్టమై అక్కడివాళ్ళు "బెర్ట్" అని పిలవసాగారు. ఆ ఆట చూడడానికి జనం పెరిగారు. 1949 అక్టోబరులో మాంచెస్టర్ సిటీ ఆయనను జట్టులోకి తీసుకుంది.

అప్పుడు రేగింది తుఫాను.

ఆ నగరం ఎలాంటి నగరమో ఒక్కసారి ఆలోచించండి. 1940లో క్రిస్మస్‌కు ముందు రెండు రాత్రులు జర్మన్ విమానాలు మాంచెస్టర్ మీద బాంబులు కురిపించాయి. వందలమంది చనిపోయారు. నగరంలో యూదుల కుటుంబాలు చాలా ఉండేవి. వారిలో ఎందరో ఐరోపాలో తమ బంధువులను నాజీల చేతిలో పోగొట్టుకున్నవారు. యుద్ధం ముగిసి నాలుగేళ్ళే అయింది. ఆ ఇళ్ళలో కొడుకుల ఫొటోల ముందు దీపాలు ఇంకా ఆరలేదు. అలాంటి ఊరివారి జట్టుకు, పతకాలు తెచ్చుకున్న జర్మన్ సైనికుడొకడు గోలు కాయడానికి వస్తున్నాడు! వేలాదిమంది వీధుల్లో నిరసన తెలిపారు. ఏడాది టికెట్లు కొన్నవారు వాటిని తిప్పి ఇచ్చేస్తామన్నారు. జట్టు కార్యాలయానికి కోపం నిండిన ఉత్తరాలు వచ్చిపడ్డాయి.

వారు దుర్మార్గులా? కానే కారు. కొడుకును పోగొట్టుకున్న తల్లి, ఆ కొడుకును చంపిన సైన్యం నుండి వచ్చినవాడికి చప్పట్లు కొట్టలేనంటే, ఆమెను తప్పుపట్టే హక్కు మనలో ఎవరికుంది? క్షమించమని బోధించేవాళ్ళం ఈ సంగతి మరచిపోతుంటాం. గాయం తగలనివాడికి క్షమాపణ గురించి మాట్లాడడం చాలా తేలిక.

ఆ సమయంలో ఇద్దరు మాట్లాడారు. ఇద్దరూ గాయం తెలిసినవాళ్ళే. మొదటివాడు ఆ జట్టు నాయకుడు ఎరిక్ వెస్ట్‌వుడ్. నార్మండీలో జర్మన్ సైన్యంతో పోరాడినవాడు. ట్రౌట్‌మన్‌ను ఆటగాళ్ళ గదిలోకి ఆహ్వానిస్తూ, ఈ గదిలో యుద్ధం లేదని నలుగురి ఎదుట చెప్పాడు.

రెండవవారు మాంచెస్టర్ యూదుల మతగురువు, రబ్బీ అలెగ్జాండర్ ఆల్ట్‌మన్. ఆయన బెర్లిన్‌లో పనిచేసిన పండితుడు. నాజీల బాధ పడలేక 1938లో ఇంగ్లండు చేరారు. ఆయన తండ్రి ట్రియర్ పట్టణంలో యూదుల ప్రధాన గురువు. 1944లో ఆ తండ్రిని నాజీలు ఆష్విట్జ్ శిబిరంలో చంపారు. తల్లి కూడా వారి చేతిలోనే మరణించింది. అలాంటి మనిషి, తల్లిదండ్రులు పోయి అయిదేళ్ళే అయిన మనిషి, పత్రికకు బహిరంగ లేఖ రాశారు.

ఆ లేఖ సారాంశం ఇది: జర్మనుల చేతిలో మేము భరించరాని క్రూరత్వం అనుభవించాం, అయినా ఆ నేరాలతో సంబంధం లేని ఒక్క మనిషిని ద్వేషంతో శిక్షించాలని మేము చూడం, ఈ ఆటగాడు యోగ్యుడైతే అతడు ఆడడంలో తప్పు లేదు, ఎవరి సంగతి వారిదిగా విచారించాలి. ఆ లేఖతో నగరంలో వేడి తగ్గింది. 1949 నవంబరులో ట్రౌట్‌మన్ గోలు ముందు నిలబడ్డాడు.

ప్రియ పాఠకులారా, ఆ రబ్బీగారు ఏమి చేశారో, ఏమి చేయలేదో జాగ్రత్తగా చూడండి. తన తండ్రిని చంపినవారిని క్షమించానని ఆయన రాయలేదు. లక్షలాది మృతుల తరఫున క్షమాభిక్ష పంచిపెట్టలేదు. ఆ హక్కు బ్రతికున్నవారిలో ఎవరికీ లేదు. జరిగినది మరచిపోండని కూడా అనలేదు; మొదటి మాటే జరిగిన క్రూరత్వాన్ని గురించి. ఆయన చేసింది ఒక్కటే. ఒక జాతి మొత్తం మీద ఉన్న అప్పును ఒక్క మనిషి నెత్తిన వేసి వసూలు చేయనన్నారు.

ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది. కాని హిట్లర్ పాపానికి వేరు ఎక్కడుందో చూడండి. మనిషిని మనిషిగా చూడకుండా, అతని పుట్టుకనుబట్టి, జాతినిబట్టి ఒక మూటలో కట్టి మొత్తంగా శిక్షించడమే గదా ఆ పాపం! యూదుడైతే చాలు, దోషి. అతడేం చేశాడని అడగనక్కరలేదు. జర్మన్ అయితే చాలు, దోషి, అని తిరిగి అనడానికి ఆల్ట్‌మన్‌గారికి అందరికంటే ఎక్కువ కారణం ఉంది. ఆయన అనలేదు. శత్రువు తనను ఎంతగా గాయపరచినా, శత్రువు కొలబద్దను మాత్రం తన చేతిలోకి తీసుకోలేదు.

మరొకటి గమనించండి. ఆ ఉత్తరం రాసేనాటికి ట్రౌట్‌మన్ ఆ జట్టుకు ఒక్క గోలు కూడా ఆపి చూపించలేదు. గొప్పవాడవుతాడని ఎవరికీ తెలియదు. నిజానికి ఆ మొదటి ఏడాది చివర, 1950లో, ఆ జట్టు కింది శ్రేణికి దిగజారింది. అంటే ఆ తలుపు అర్హత చూసి తీసిన తలుపు కాదు. మనం అడిగిన మొదటి ప్రశ్నకు ఇదొక జవాబు.

ఇక కష్టమైన చోటికి వద్దాం. ఆ అడవి సంగతి ఆల్ట్‌మన్‌గారికి తెలియదు. నేరాలతో సంబంధం లేని మనిషి అని ఆయన నమ్మి రాశారు. ట్రౌట్‌మన్ ఎవరినీ గోతిలోకి తోసి కాల్చలేదు. కాని చూశాడు. చూసి, మాట్లాడకుండా వెళ్ళి, అదే సైన్యంలో యుద్ధం చేశాడు. మరి ఆ సంగతి తెలిసి ఉంటే ఆ ఉత్తరం నిలిచేదా?

కొందరంటారు: పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు ఏం చేయగలడు, నోరెత్తితే తననూ కాల్చేవారు. అది నిజమే కావచ్చు. కాని చేయలేకపోవడం ఒకటి, చూసినదాని బరువు మోయకపోవడం మరొకటి. రెండవదానికి సాకు లేదు. ట్రౌట్‌మన్ ఆ బరువును చాలాకాలం మౌనంగానే మోశాడు. చివరకు తనంత తానే బయటపెట్టాడు. చెప్పకపోతే అడిగేవారు లేరు. అప్పటికే ఆయన అందరి మన్ననలు పొందినవాడు. మంచి పేరు నడుమ కూర్చుని, ఆ పేరుకు మచ్చ తెచ్చే నిజాన్ని తానే చెప్పాడు. ఆలస్యం జరిగిందంటారా? జరిగింది. అయినా చెప్పాడు.

నాకు తోచినదేమంటే, ఎవరి సంగతి వారిదిగా విచారించాలన్న ఆ మాట రెండు వైపులా పదునున్నది. ఇతరుల నేరాన్ని నీమీద వేయనని అది అభయమిస్తుంది. అదే సమయంలో, నీ వంతు ఏదో ఉంటే దానికి నీవే జవాబు చెప్పుకోవాలని కూడా అంటుంది. తలుపు తీయడం వేరు, లెక్క కొట్టివేయడం వేరు. తలుపు తీయడం ఎదుటివారి పని. లెక్క ఒప్పుకోవడం లోపలికి వచ్చినవాడి పని. పాపసంకీర్తనానికి మోకరించే మనకు ఈ తేడా కొత్తది కాదు. క్షమాపణ ముందే సిద్ధంగా ఉంటుంది. నోరు తెరిచి చెప్పవలసింది మాత్రం మనమే.

ఇప్పుడు అందరూ చెప్పుకునే కథ. 1950 జనవరిలో లండన్‌లో ఫుల్‌హామ్ జట్టుతో ఆట. లండన్ నగరం జర్మన్ బాంబులతో కాలినది. జనం తిట్లతో ఎదురుకున్నారు. ఆట ముగిసేసరికి, ఒక్క గోలు తేడాతో ఓడిన ఆ జట్టు గోల్ కీపరుకు అదే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇక 1956 మే 5న ఎఫ్.ఎ. కప్ తుదిపోటీ, వెంబ్లీ మైదానంలో. ప్రత్యర్థులు బర్మింగ్‌హామ్ సిటీ. ఇంకా పదిహేడు నిమిషాల ఆట ఉండగా, దూసుకువచ్చిన పీటర్ మర్ఫీ కాళ్ళ దగ్గర బంతి మీదకు దూకాడు. మర్ఫీ మోకాలు మెడకు బలంగా తగిలింది. బదులు ఆటగాణ్ణి దింపే నియమం ఆ రోజుల్లో లేదు. కళ్ళు తిరుగుతున్నా నిలబడి, ఇంకా బంతులు ఆపాడు. సిటీ 3-1 తేడాతో గెలిచింది. మెడ వంకరగా పెట్టుకునే పతకం అందుకున్నాడు. కొన్ని రోజుల తర్వాత ఎక్స్‌రే తీస్తే అయిదు వెన్నుపూసలు చోటు తప్పాయి, రెండవది రెండుగా చీలింది. మూడవ పూస దానికి ఆనుకుని బిగుసుకోవడం వలననే ప్రాణం దక్కిందన్నారు వైద్యులు. ఆ ఏడాది ఇంగ్లండులో ఉత్తమ ఆటగాడిగా పత్రికలవారు ఎన్నుకున్నది ఆయననే. ఆ గౌరవం పొందిన మొదటి గోల్ కీపరు ఆయనే.

ఇది గొప్ప ధైర్యం, సందేహం లేదు. కాని ఇక్కడ మనం ఒక పొరపాటు చేస్తాం. "చూశారా, రబ్బీగారు చెప్పింది నిజమైంది, ఆ జర్మన్ మంచివాడని తేలింది" అంటాం. అలా అనడంలో ప్రమాదముంది. ట్రౌట్‌మన్ సామాన్యమైన ఆటగాడై, చేతినుండి బంతులు జారవిడిచి, రెండేళ్ళకే ఎవరికీ గుర్తులేకుండా పోయి ఉంటే, ఆల్ట్‌మన్‌గారు చేసింది తప్పయ్యేదా? కాదు గదా! ఆ ఉత్తరం విలువ ఆయన ఆపిన గోళ్ళమీద ఆధారపడి లేదు. మెడ విరగనవసరం లేకుండానే అది న్యాయం.

పైగా దేహధైర్యం ఒక్కటే మనిషికి కొలత కాదు. ఆ ధైర్యం ఆయనకు హిట్లర్ సైన్యంలోనూ ఉంది. అక్కడ దానికి ఐరన్ క్రాస్ ఇచ్చారు, ఇక్కడ కప్పు పతకం ఇచ్చారు. అదే గుండె, అవే చేతులు. తేడా అంతా ఆ ధైర్యం ఎవరికోసం ఖర్చయిందన్నదే. మన పిల్లలకు ధైర్యం నేర్పేటప్పుడు ఈ రెండవ సంగతి కూడా నేర్పాలి.

వీరుడని పొగిడినంతమాత్రాన ఆయనను పునీతుణ్ణి చేయనక్కరలేదు. ఇంగ్లండులో తొలినాళ్ళలో ఒక స్త్రీతో బిడ్డను కని, వారిద్దరినీ వదిలి వెళ్ళాడు. ఆ కూతురితో మళ్ళీ మాట కలవడానికి దశాబ్దాలు పట్టింది. తాను పొందిన దయను తన బిడ్డకు అందించడానికి ఆయనకే అంతకాలం పట్టిందన్నమాట! ఇక కప్పు గెలిచిన కొద్ది వారాలకే, అయిదేళ్ళ కొడుకు జాన్ కారు ప్రమాదంలో మరణించాడు. మెడకు కట్టుతో ఉన్న తండ్రి ఆ బిడ్డను పోగొట్టుకున్నాడు. ఆ దుఃఖం నుండి ఆ కాపురం తేరుకోలేదు. 1972లో భార్యాభర్తలు విడిపోయారు. ఒకప్పుడు ఆయన రాకను ఎదిరించిన తల్లులకు ఏ దుఃఖం తెలుసో, అదే దుఃఖం ఆయన ఇంటికీ వచ్చింది.

1964 ఏప్రిల్‌లో వీడ్కోలు ఆట ఏర్పాటు చేస్తే సుమారు 47,000 మంది వచ్చారు. తర్వాత జర్మనీ తరఫున బర్మా, టాంజానియా, లైబీరియా, పాకిస్తాన్ వంటి దేశాలకు వెళ్ళి అక్కడి కుర్రవాళ్ళకు ఆట నేర్పాడు. ఇంగ్లండు, జర్మనీల మధ్య స్నేహానికి చేసిన సేవకు 2004లో బ్రిటన్ ఓ.బి.ఇ. బిరుదు ఇచ్చింది. 2013 జూలై 19న స్పెయిన్‌లో 89 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. ఆల్ట్‌మన్‌గారు అంతకు చాలాముందే, 1987లో, అమెరికాలో పరమపదించారు. ఒకరి పేరు మైదానాల్లో మారుమోగింది. రెండవవారి పేరు పండితులకు తప్ప ఎక్కువమందికి తెలియదు. కాని రెండవవారు ఆ ఉత్తరం రాయకపోతే మొదటివారి కథ అంత తేలికగా మొదలయ్యేది కాదు.

ఇక మన ఇళ్ళకు వద్దాం. మనకు యుద్ధాలు లేవు. గట్టు తగాదాలున్నాయి. పెళ్ళి పందిట్లో జరిగిన అవమానాలున్నాయి. అన్నదమ్ములు మాట్లాడుకోక పదేళ్ళయిన ఇళ్ళున్నాయి. తాత చేసిన అన్యాయానికి మనవడితో మాటలు మానేసినవాళ్ళున్నారు. "వాళ్ళ వంశమే అంత" అనే మాట మన నోట ఎన్నిసార్లు రాలేదు? ఆ చిన్నమాటలోనే మనిషిని మూటలో కట్టే ఆ పాత పాపం దాగి ఉంది. మనవడు ఏం చేశాడని మనం అడగలేదు. ఎవరి కొడుకు, ఎవరి మనవడు అని మాత్రమే అడిగాం.

"ముందు అతణ్ణి మారమనండి, తర్వాత చూద్దాం" అంటాం. న్యాయంగానే తోస్తుంది. తప్పిపోయిన కుమారుని అన్నకూ అలాగే తోచింది. కాని బయట నిలబెట్టినవాడు మారాడో లేదో మనకెలా తెలుస్తుంది? మారడానికి కూడా మనిషికి నిలబడేందుకు కాస్త చోటు కావాలి గదా! ట్రౌట్‌మన్‌కు ఆ చోటు గోలు గుంజల మధ్య దొరికింది. ఇచ్చినవాడు తన తండ్రిని పోగొట్టుకున్నవాడు.

క్షమించలేని గాయాలు ఉంటాయి. వాటిని తొందరపెట్టి మాన్పించాలని నేననను. ఆల్ట్‌మన్‌గారు కూడా అంత అడగలేదు. ఆయన అడిగినంత మాత్రం మనమూ చేయగలం: ఒకరి తప్పుకు మరొకరిని శిక్షించకుండా ఉండడం, ఎదుటనున్న మనిషిని అతని సొంత నడతనుబట్టే చూడడం, అతడు ఏమీ నిరూపించకముందే ఒక్క అవకాశం ఇవ్వడం.

వచ్చే ఆదివారం పూజ ముగిసి బయటకు వచ్చేటప్పుడు, రోజూ మనం చూపు తిప్పుకునే ఆ ఇంటివాళ్ళ పిల్లవాడు ఎదురైతే, "ఏం బాబూ, బాగున్నావా?" అని అడిగి చూడండి. వాళ్ళ తాత సంగతి మరచిపోనక్కరలేదు. ఆ పిల్లవాడి పేరేమిటో తెలుసుకుంటే చాలు.